మూడు మందులా, నాలుగా? కడుపు పుండు బ్యాక్టీరియాపై వాదోపవాదం

వాదాంశం: కడుపులోనూ చిన్నపేగు మొదట్లోనూ పుండ్లు పుట్టించే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాను వదిలించడానికి మొదటిసారే నాలుగు మందుల బిస్మత్ చికిత్స (బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, కడుపులో యాసిడ్‌ను తగ్గించే ఒక యాసిడ్ బిళ్ళ) రాయాలా, చాలాకాలంగా అలవాటైన మూడు మందుల చికిత్సతో మొదలుపెట్టాలా? వాదించేవారిద్దరూ వైద్యులే.

త్రయవాది: ఈ బ్యాక్టీరియా వల్లే పుండ్లు వస్తాయని చూపినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి యాసిడ్ మందులు మింగినవాళ్లకు రెండు వారాల కోర్సుతో పుండు మళ్లీ రాకుండా పోయింది. ఆ మార్పు తెచ్చినవాటిలో ముందువరసలో ఉన్నవి ఈ మూడు మందులే: క్లారిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు, అమాక్సిసిలిన్ 1 గ్రాము, ఒక యాసిడ్ బిళ్ళ. మూడూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. రోగికి చెప్పడం తేలిక, గుర్తుపెట్టుకోవడం తేలిక. దీన్ని పక్కన పెట్టి రోజుకు నాలుగుసార్లు మింగే మందులు ఎందుకు రాయాలండీ?

చతుష్టయవాది: ఆ మూడింటిలో ఒకటి చాలాచోట్ల పనిచేయడం మానేసింది కాబట్టి. దగ్గుకీ గొంతునొప్పికీ క్లారిత్రోమైసిన్, దాని తోబుట్టువులైన మందులు ఏళ్లుగా వాడుతూనే ఉన్నాం. అలా వాడినప్పుడల్లా కడుపులోని ఈ బ్యాక్టీరియాకూ ఆ మందు పరిచయమవుతోంది. బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారుచేసుకునే రైబోజోమ్‌లో ఒకే ఒక్క అక్షరం మారితే చాలు, మందుకు పట్టు దొరకదు. అప్పుడు మోతాదు రెట్టింపు చేసినా లాభం లేదు, తాళం మారిపోయాక అదే తాళంచెవిని ఎంత గట్టిగా తిప్పితే ఏం? మీరు మూడు మందులు ఇచ్చాననుకుంటారు. నిజానికి అక్కడ పనిచేస్తున్నది అమాక్సిసిలిన్ ఒక్కటే.

త్రయవాది: అందరిలోనూ ఈ రెసిస్టెన్స్, అంటే మందుకు లొంగని గుణం, ఉండదు కదా.

చతుష్టయవాది: ఉండదు. ఎదురుగా కూర్చున్న రోగిలో ఉందో లేదో మాత్రం మనకు తెలియదు. అందుకే, ఒక ప్రాంతంలో క్లారిత్రోమైసిన్ రెసిస్టెన్స్ 15 శాతం దాటితే పరీక్ష లేకుండా దాన్ని రాయొద్దని యూరప్ నిపుణుల మాస్ట్రిక్ట్ నివేదిక చెబుతోంది. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, రెసిస్టెన్స్ పరీక్ష చేయని కొత్త రోగికి 14 రోజుల బిస్మత్ చికిత్సనే ముందు పెట్టాయి.

త్రయవాది: మీ నాలుగింటిలో మెట్రోనిడజోల్ ఉంది. దానికి రెసిస్టెన్స్ చాలాచోట్ల క్లారిత్రోమైసిన్ కంటే ఎక్కువే. ఆ సంగతి దాటేస్తున్నారు.

చతుష్టయవాది: మంచి ప్రశ్న, దాటేయను. ఈ రెండు రెసిస్టెన్సులూ ఒకే రకం కావు. మెట్రోనిడజోల్ బ్యాక్టీరియా లోపలికి వెళ్లాక అక్కడి ఎంజైముల చేతిలో విషంగా మారుతుంది. ఒక ఎంజైము చెడితే ఆ పని మందగిస్తుంది గానీ చాలాసార్లు పూర్తిగా ఆగదు. కాబట్టి మోతాదు పెంచితే, అంటే 500 మిల్లీగ్రాములు రోజుకు మూడు నాలుగుసార్లు ఇచ్చి, పక్కన బిస్మత్ పెట్టి, 14 రోజులు నడిపితే ల్యాబ్‌లో రెసిస్టెంట్ అని తేలిన బ్యాక్టీరియా కూడా చాలావరకు లొంగుతుంది. 250 మిల్లీగ్రాములు రాసినా, వారం రోజులకే ఆపినా ఆ బలం పోతుంది. నాలుగు మందులూ రాశాం, అయినా పనిచేయలేదు అనేవాళ్ల చీటీలో నేను మొదట చూసేది ఈ అంకెనే.

త్రయవాది: సరే. కానీ చీటీ మీద గెలిచే చికిత్స వేరు, ఇంట్లో గెలిచే చికిత్స వేరు. లెక్క చూడండి: యాసిడ్ బిళ్ళలు రెండు, బిస్మత్ నాలుగు, టెట్రాసైక్లిన్ 500 నాలుగు, మెట్రోనిడజోల్ నాలుగు. రోజుకు 14. టెట్రాసైక్లిన్ 250 గుళికలే దొరికితే 18. నోట్లో ఇనుము చప్పరించిన రుచి, వికారం, నాలుక నల్లబడటం. నాలుగో రోజుకు రోగి వదిలేస్తాడు. సగం మింగిన యాంటీబయాటిక్ కొత్త రెసిస్టెన్స్‌ను పెంచుతుంది. దానికంటే పూర్తిగా మింగే మూడు మందులు నయం కాదా?

చతుష్టయవాది: వదిలేసేవాళ్లలో చాలామంది కష్టానికి కాదు, భయానికి వదిలేస్తారు. నల్లగా విరేచనమైంది, లోపల రక్తం పోతోందేమోనని ఆపేస్తారు. మొదటి రోజే పది నిమిషాలు కూర్చోబెట్టి చెబితే సగం సమస్య తీరుతుంది. బిస్మత్ వల్ల మలం నల్లబడుతుంది, కానీ మామూలు రూపంలోనే ఉంటుంది, కోర్సు అయిపోయిన కొద్ది రోజులకు రంగు మామూలవుతుంది. రక్తం వల్ల వచ్చే నలుపు తారులా జిగటగా మెరుస్తుంది, నీళ్లు పోసినా అంటుకునే ఉంటుంది, వాసన భరించలేం. దానితో పాటు తల తిరగడం, చెమటలు, గుండెదడ ఉంటే మందుల సంగతి తర్వాత, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ తేడా రోగికే కాదు, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పాలి.

త్రయవాది: రోజుకు నాలుగుసార్లన్న చిక్కు?

చతుష్టయవాది: దాన్ని గడియారానికి కట్టకూడదు, భోజనాలకు కట్టాలి. యాసిడ్ బిళ్ళ ఉదయం, రాత్రి తినడానికి అరగంట ముందు, పరగడుపున. తిన్నాక వేసుకుంటే దాని బలం తగ్గుతుంది, ఎందుకంటే ఆహారం పడగానే మేల్కొనే యాసిడ్ పంపులనే అది మూయగలదు. మిగతా మూడూ మూడు పూటల తిన్నాక ఒక్కోసారి, నాలుగోసారి పడుకునే ముందు. ఆ నాలుగోసారితోనే జాగ్రత్త. టెట్రాసైక్లిన్ గుళిక గుటకెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో అతుక్కుని అక్కడే పుండు చేస్తుంది. కడుపు పుండుకు మందు వేసుకుని గొంతు కింద కొత్త పుండు తెచ్చుకున్నట్టు. నిండు గ్లాసు నీళ్లు తాగి, కనీసం అరగంట నిటారుగా కూర్చోవాలి. ఈ మందును పాలతో మింగకూడదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలు దాన్ని పట్టేసుకుంటాయి కాబట్టి వీలైతే ఆ 14 రోజులూ ఆపేయాలి. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్లూ, తర్వాత మూడు రోజులూ మద్యం ముట్టకూడదు.

త్రయవాది: టెట్రాసైక్లిన్ చాలాచోట్ల దొరకడం లేదు. దాని బదులు డాక్సీసైక్లిన్ రాసేస్తున్నారు.

చతుష్టయవాది: అది పొరపాటు. చుట్టాలే గానీ ఈ బ్యాక్టీరియా మీద డాక్సీసైక్లిన్ ఫలితాలు తక్కువ. టెట్రాసైక్లిన్ దొరక్కపోతే, పెన్సిలిన్ అలర్జీ లేనివాళ్లకు ఆ స్థానంలో అమాక్సిసిలిన్ పెట్టడం మేలు.

త్రయవాది: భద్రత మాట కూడా తేల్చండి. గర్భిణికి, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ ఇవ్వకూడదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు బిస్మత్ ఒంట్లో పేరుకుంటుంది. బిస్మత్ సబ్‌సాలిసిలేట్ అయితే ఆస్పిరిన్ పడనివాళ్లకు పనికిరాదు. నా మూడింటికి ఇన్ని షరతులు లేవు.

చతుష్టయవాది: మీరు చెప్పినవన్నీ నిజమే, వాళ్లకు నేనూ రాయను. గర్భిణికైతే ప్రమాదం లేనప్పుడు కాన్పు అయ్యేదాకా ఆగడమే సాధారణంగా సరైన పని. కానీ క్లారిత్రోమైసిన్ సాధువు కాదు. సిమ్వాస్టాటిన్ వాడేవారికి దాన్ని కలిపితే కొవ్వు మందు రక్తంలో పేరుకుని కండరాలు కరిగిపోయే ప్రమాదం ఉంది. గౌట్‌కు వాడే కోల్చిసిన్‌తో కలిస్తే ప్రాణాల మీదకు రావచ్చు. గుండె లయలో తేడా ఉన్నవాళ్లకు ఈసీజీ చూడకుండా రాయకూడదు. పుండు రోగుల్లో పెద్ద వయసువాళ్లు ఎక్కువ, వాళ్ల మందుల పెట్టెలో ఇవే ఉంటాయి. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్ల సంగతిలో మాత్రం ఇద్దరం సమానమే, మెట్రోనిడజోల్ కూడా దానితో కలిసి రక్తాన్ని మరీ పలచబరుస్తుంది, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష ముందుగానే చూడాలి. ఇక పెన్సిలిన్ అలర్జీ ఉన్నవారికి మీ అమాక్సిసిలిన్ కుదరదు. నా అసలు నాలుగింటిలో పెన్సిలిన్ లేనేలేదు.

త్రయవాది: అయితే ఇంకో మాట. ముందు మూడు మందులు ఇద్దాం, పరీక్ష చేద్దాం, పోకపోతే నాలుగు ఇద్దాం. మెట్లెక్కినట్టు వెళ్తే నష్టమేమిటి?

చతుష్టయవాది: మొదటి మెట్టు జారితే కింద నేల లేదు, అదీ నష్టం. ఓడిన కోర్సు తర్వాత క్లారిత్రోమైసిన్ ఆ రోగికి మళ్లీ పనికిరాదనే అనుకోవాలి. మందుల మీద నమ్మకం, ఓపిక రెండూ తరుగుతాయి. రక్తం కక్కి వచ్చిన పుండైతే మధ్యలో ఆ నెలా రెండు నెలల్లో మళ్లీ చిట్లవచ్చు. మొదటి ప్రయత్నమే అన్నిటికంటే మంచి అవకాశం.

త్రయవాది: యాసిడ్‌ను అణచే కొత్త మందు వోనోప్రజాన్ వచ్చాక మందులు తగ్గాయి కదా? 20 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, అమాక్సిసిలిన్ 1 గ్రాము మూడుసార్లు, 14 రోజులు. రెండే మందులు.

చతుష్టయవాది: ఆ దారి నాకూ ఇష్టమే. మామూలు బిళ్ళలకంటే అది యాసిడ్‌ను గట్టిగా, త్వరగా అణచుతుంది. యాసిడ్ తగ్గితే బ్యాక్టీరియా విభజన మొదలుపెడుతుంది, విభజన జరిగే సమయంలోనే అమాక్సిసిలిన్ దాని గోడను కూల్చగలదు. అమాక్సిసిలిన్‌కు రెసిస్టెన్స్ కూడా అరుదు. కానీ చూశారా, ఈ మాటతో మీరే క్లారిత్రోమైసిన్‌ను వదిలేశారు.

త్రయవాది: గుడ్డిగా రాయడం వదిలేశాను. బయాప్సీ ముక్క మీద పరీక్ష చేసి క్లారిత్రోమైసిన్ పనిచేస్తుందని ల్యాబ్ చెబితే?

చతుష్టయవాది: అప్పుడు 14 రోజులకు నేనే మూడు మందులు రాస్తాను.

త్రయవాది: అక్కడ కలిశాం. కోర్సు అయ్యాక పరీక్ష విషయంలోనూ మన మధ్య తేడా ఉండదనుకుంటా. నొప్పి పోయిందంటే బ్యాక్టీరియా పోయినట్టు కాదు. యాసిడ్ బిళ్ళ ఒక్కటే వేసుకున్నా నొప్పి పోతుంది.

చతుష్టయవాది: అవును. శ్వాస పరీక్ష గానీ, మలంలో యాంటిజెన్ పరీక్ష గానీ చేయాలి. ఆఖరి యాంటీబయాటిక్ తర్వాత కనీసం 4 వారాలు ఆగాలి, యాసిడ్ బిళ్ళ ఆపి 2 వారాలు కావాలి. తొందరపడితే అణిగి ఉన్న బ్యాక్టీరియా పరీక్షకు దొరకదు, లేదని రిపోర్టు వస్తుంది, ఆర్నెల్ల తర్వాత పుండు తిరిగొస్తుంది. ఆ రెండు వారాల్లో మంట వస్తే మామూలు యాంటాసిడ్ చాలు. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఇక్కడ దండగ, బ్యాక్టీరియా పోయిన చాలాకాలం వరకు అది పాజిటివ్‌గానే ఉంటుంది.

త్రయవాది: కడుపులోనే పుండు ఉన్నవాళ్లకు రెండోసారి ఎండోస్కోపీ కూడా చూడాలి. క్యాన్సర్ పుండు వేషంలో కూర్చుంటుంది. చిన్నపేగు పుండుకు ఆ భయం దాదాపు లేదు. నొప్పి బిళ్ళలు కూడా అడగాలి, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఆపకుండా ఏ కోర్సు ఇచ్చినా పుండు మానడం కష్టం. ఇంతకీ చీటీ కింద మీరు ఏం రాస్తారు?

చతుష్టయవాది: రెండు తేదీలు. ఆఖరి గుళిక మింగే రోజు, శ్వాస పరీక్షకు పరగడుపున రావాల్సిన రోజు.