పరీక్ష జరగాల్సింది వీధి చివరి కుళాయి దగ్గర

మా అక్క ఉండేది విశాఖ శివారులో. ఒకప్పుడు అది విడి ఊరు, ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. ఆ వీధికి తెల్లవారుజామున నీళ్లు వదులుతారు. మొదటి రెండు బిందెలు తుప్పు రంగులో వస్తాయి, వాటిని అక్క మందార మొక్కలకు పోస్తుంది. మూడో బిందె నుంచి కుళాయికి పాత పంచె గుడ్డ కట్టి పడుతుంది. కిందటి వానాకాలం అక్కడికి వెళ్లినప్పుడు, తేటగా కనిపించిన ఆ మూడో బిందె నీళ్లనే ఒక పరీక్ష సీసాలో పోసి వంటింటి కిటికీలో పెట్టాను. నీటిలో మలం తాలూకు సూక్ష్మజీవులు ఉంటే రంగు మారే సీసా అది. హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష అంటారు. మర్నాటి సాయంత్రానికి నీళ్లు సిరాలా నల్లబడ్డాయి.

ఆ సీసా ఇచ్చేది హెచ్చరిక మాత్రమే, నిర్ధారణ ప్రయోగశాలలో జరగాలి. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. మర్నాడు ఫిర్యాదు చేస్తే, నీటిశుద్ధి ప్లాంటులో తీసిన రిపోర్టు సవ్యంగానే ఉందని చెప్పారు. నేను ఆ మాట నమ్ముతున్నాను. ప్లాంటులో నీళ్లు బాగుండటమూ నిజమే, అక్క ఇంట్లో సీసా నల్లబడటమూ నిజమే. మన తాగునీటి సమస్య అంతా ఆ రెండింటి మధ్య ఉన్న గొట్టంలో ఉంది.

విశాఖకు నీళ్లు చాలా దూరం నుంచి వస్తాయి. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాలు మాత్రం దగ్గరివే. రైవాడ నీళ్లు శారదా నది నుంచి, తాటిపూడి నీళ్లు గోస్తని నుంచి రావాలి. ఏలేరు నీళ్లయితే దాదాపు 150 కిలోమీటర్లు కాలువలో ప్రయాణం చేస్తాయి. దారిలో పశువులు దిగుతాయి, బట్టలు ఉతుకుతారు, వానకు గట్ల మీది మట్టి జారుతుంది. అందుకే పటిక కలిపి మడ్డిని అడుగుకు దింపి, ఇసుక పడకల్లో వడగట్టి, క్లోరిన్ కలుపుతారు. ఈ పని తెలిసిన సిబ్బంది మనకు ఉన్నారు, వాళ్ల శ్రమను తక్కువ చేయను.

చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. రోజులో గంటో రెండు గంటలో నీళ్లు వదిలి వాల్వు కట్టేస్తే, మిగతా సమయమంతా గొట్టం ఖాళీగా ఉంటుంది. నీటితో నిండిన గొట్టానికి చిల్లు ఉంటే నీళ్లు బయటికి చిమ్ముతాయి. అదే గొట్టం ఖాళీ అయితే బయటి తడి లోపలికి చేరుతుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే ఇక చెప్పాల్సిన పని లేదు. నీళ్లు వదిలిన వేళ ఎవరైనా కుళాయి లైనుకే మోటారు బిగిస్తే, దిగువ ఇళ్లలో ధార సన్నబడటమే కాదు, ఆ పీల్పుకు మురుగు కూడా లోపలికి వస్తుంది. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది. పలువురు చనిపోయారు.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 10500. దాని ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో మలం నుంచి వచ్చే సూక్ష్మజీవి ఈ-కోలి ఒక్కటి కూడా కనిపించకూడదు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఈ మిగలడమే ముఖ్యం. దారిలో మురుగు కలిస్తే క్లోరిన్ దానితో పోరాడి ఖర్చైపోతుంది. కాబట్టి వీధి చివరి ఇంట్లో క్లోరిన్ శూన్యమని తేలితే, అంతకుముందు ఎక్కడో గొట్టం చెడిందేమోనని వెంటనే అనుమానించాలి. దీనికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. చిన్న గాజు గొట్టం, రెండు చుక్కల మందు, రంగు పోల్చుకునే చీటీ చాలు. అయిదు నిమిషాల పని. కానీ సీసాలో అమ్మే నీళ్లకు ఆహార భద్రతా చట్టం వర్తిస్తుండగా, కుళాయి నీళ్లు ఈ ప్రమాణాన్ని పాటించి తీరాలన్న చట్టబద్ధమైన నిబంధన లేదు. దీన్ని నేను అన్యాయమనే అంటాను.

నిబంధన లేనిచోట జనం టిన్నులు కొనుక్కుంటున్నారు, నీటిలోని లవణాలను తీసేసే ఆర్వో యంత్రాలు పెట్టుకుంటున్నారు. సముద్రతీరంలో ఉప్పెక్కిన బోరు నీటికి ఆర్వో అవసరమే. జలాశయాల నీటిలో లవణాలు సాధారణంగా తక్కువ. దానికి ఆర్వో పెడితే మంచి నీళ్లలో పెద్ద భాగం మోరీలో పోతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు లవణాలున్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది కూడా. పైగా టిన్ను కొనలేని ఇంటి సంగతేమిటి?

మనకు ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో పూరీ ఉంది. 2021 జులై నుంచి అక్కడ కుళాయి నీళ్లు నేరుగా తాగేలా ఇరవై నాలుగు గంటలూ ఇస్తున్నారు. గొట్టం ఎప్పుడూ నిండుగా ఉంటే మురుగుకు చోటెక్కడిది? అక్కడ స్వయం సహాయక సంఘాల మహిళలు జలసాథీలుగా ఇంటింటికీ వెళ్లి నీళ్లు పరీక్షిస్తారు. డ్వాక్రా సంఘాలను ఇంత బలంగా నిలబెట్టుకున్న మన రాష్ట్రానికి ఆ పని కొత్త కాదు. ఇరవై నాలుగు గంటల సరఫరాకు డబ్బూ ఏళ్లూ కావాలి, ఒప్పుకుంటాను. కానీ ప్రతి వీధి చివరి కుళాయిలో వారానికోసారి క్లోరిన్ చూసి, వార్డు సచివాలయం గోడ మీద ఆ అంకె రాయడానికి ఏళ్లు అక్కరలేదు. అంకె సున్నా అయినా రాయాలి. సున్నా అని రాసిన నాడే గొట్టం తవ్వడానికి మనిషి వస్తాడు.

అక్క ఇంటి ముందు ఫిట్టరు మురుగు కాలువ పలక లేపి చూశాడు. ఇంట్లోకి వెళ్లే ఇనుప గొట్టం సరిగ్గా మురుగులో మునిగి ఉంది. తుప్పు తిన్నచోట వేలితో గీరితే పెచ్చులూడి, పెసరగింజంత చిల్లు బయటపడింది. గొట్టం మార్చే ఖర్చు ఇంటివాళ్లదే అన్నారు. అక్క పెట్టుకోగలిగింది. తరువాత మళ్లీ సీసా పెట్టాను. మూడు రోజులైనా నల్లబడలేదు. ఆ వీధిలో అదే కాలువలోంచి ఇళ్లలోకి వెళ్లే ఇనుప గొట్టాలు ఇంకా పదకొండు ఉన్నాయి. వాటిలో ఏడు అద్దె ఇళ్లవి.