లేయర్ మాస్క్ గారికి, మసి కడుక్కుంటూ

ఫోటోషాప్‌లో ఫోటోకి తెరలా ఉండి, ఏది చూపాలో ఏది దాచాలో చూసుకునే మహారాజశ్రీ లేయర్ మాస్క్ గారి సముఖమునకు, ఒక పెళ్లి ఆల్బమ్ డిజైనరు నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ ఎవరం క్షేమంగా లేము. పెళ్లికూతురి తల చుట్టూ మసి. నా మొహానా అదే.

తమరి ధర్మం తెలియక కాదు. తమరి మీద తెలుపు పూస్తే అక్కడ ఫోటో కనపడుతుంది, నలుపు పూస్తే దాగుతుంది, బూడిదరంగైతే సగం సగం. 0 నుంచి 255 దాకా మెట్లు. పెళ్లిలో తెరసెల్లా పట్టుకునే పెద్దలకి పూర్తిగా ఎత్తడం, పూర్తిగా దించడం తప్ప మూడోది రాదు. తమరు ఒక్క ముంగురుని సగం దాచి సగం చూపించగలరు. కొత్తగా చేరే కుర్రాళ్లకి ఈ పాఠం చెప్పేది నేనే. అందుకే నిన్నటి సంగతి వాళ్ల దగ్గర ఎత్తలేదు.

తలంబ్రాల ఫోటో అది. 12×36 షీటులో నట్టనడుమ వచ్చేది. వెనకాల పచ్చ ప్లాస్టిక్ ఆకుల గోడ తీసేసి, రాత్రి ఆకాశం కింద రాజమహల్ పెట్టమన్నారు. మనుషుల్ని దానంతటదే ఎంచిపెట్టే సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కితే ఒక చెవి బుట్ట మింగేసి, గాల్లో ఉన్న గింజల్ని సగం రాల్చేసింది. దానికది మామూలే. బ్రష్ పట్టాను. ముందు వాటిని తమరి మీద సరిచేసి, తర్వాత ముంగురులకి దిగాను. 300 శాతం జూమ్, నలుపు, రంగు పలచగా పడేలా ఫ్లో పది. ముంగురుల మధ్య ఇరుక్కున్న పచ్చదనాన్ని సందుసందునా తుడుచుకుంటూ పోయాను. రెండున్నర గంటలు. టీ మీద మీగడ కట్టింది. పచ్చ పోతోంది, చీకటి వస్తోంది. నా చేతికి ఇంత నునుపు ఎప్పుడొచ్చిందా అని మురిసిపోయాను కూడా.

సాయంత్రం పెళ్లికొడుకు అక్క ఫోను. "అన్నా, శుభమా అని పెళ్లి ఫోటోలో ఆ చీకటేంటని అమ్మ అంటోంది. లేత గంధం రంగు మహల్ పెట్టెయ్యండి. రెండు నిమిషాల పనే కదా."

నిజంగానే రెండు నిమిషాలే పట్టింది. గంధం రంగు మహల్ వచ్చి కూర్చుంది. దాని ముందు పెళ్లికూతురు, కట్టెలపొయ్యి మీంచి దింపిన కుండలా. నేను పూసింది తమరి మీద కాదు, ఆ అమ్మాయి ఫోటో మీదే! నల్లటి ఆకాశం ముందు నల్ల రంగు పులిమి, పచ్చ మాయమైందనుకున్నాను. మసిపూసి మారేడుకాయ అంటే ఇన్నాళ్లూ వట్టి సామెతే అనుకున్నా.

అయ్యా, పక్కపక్కనే రెండు బుల్లి గళ్లు. ఒకటి ఫోటో, ఒకటి తమరు. బ్రష్ ఎవరి మీద పడుతుందో చెప్పడానికి చుట్టూ వెంట్రుకవాసి గీత. అదీ బూడిదరంగు ప్యానెల్ మీద! పైన ట్యాబ్‌లో ఫైలు పేరు పక్కన 'లేయర్ మాస్క్/8' అని రాసి ఉంటుందంటారు. ముంగురులో మునిగినవాడు తలెత్తి బోర్డు చదువుతాడా? కారు వెనక్కి వస్తే పాట పాడుతుంది. కుక్కర్ విజిలేస్తుంది. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంటే కుయ్యోమంటుంది. నీకేం రోగం? రెండున్నర గంటలు పక్క గడిలో కూర్చుని చూస్తూ ఊరుకున్నావు. ఒక్కసారి దగ్గలేకపోయావా? వెనక్కి నడుద్దామంటే హిస్టరీలో 50 అడుగులే. నా 50 గీతలు ఒక కణత కూడా దాటలేదు.

బొమ్మలో ఏ చుక్క ఎంత కనపడాలో రాసిపెట్టుకునే మీ అన్నగారు ఆల్ఫా ఛానెల్ ఇంకో రకం. 1970ల్లో న్యూయార్క్‌లో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ చేతుల్లో పుట్టి, లెక్కలోని గ్రీకు అక్షరాన్నే పేరుగా పెట్టుకున్న పెద్దింటి బిడ్డ. జేపెగ్ గడప దాటితే మాత్రం ఆచూకీ ఉండదు. తమ్ముడివి నువ్వు ఇంతకంటే ఏం చేస్తావులే.

రాత్రి పదకొండింటికి ఒరిజినల్ ఫోటో మళ్లీ తెచ్చి, కీబోర్డు మీద ఆల్ట్ పట్టుకుని తమరిని దాని మీదకి లాగాను. చెవి బుట్ట, బాసికం అంచు, గాల్లో ఒక్కొక్క గింజ... మసికి ముందు నేను చేసిన పనంతా ఎక్కడిదక్కడే ఉంది. ఒక్క గింజ పోలేదు. నాకు పని నేర్పిన గురువుగారు ఎరేజర్‌తోనే తుడిచేవారు. ఒకసారి పెళ్లికొడుకు తలపాగా కుచ్చు ఎగిరిపోతే, పక్క ఫోటోలోంచి కోసి అతికించడానికి తెల్లారింది. ఆ లెక్కన తమరు దేవుడే. మూగ దేవుడు.

ముంగురుల్లో పచ్చ మాత్రం మళ్లీ వచ్చేసింది. అది నా ఖాతా. ఇప్పుడు పది గీతలకోసారి ఆల్ట్ పట్టుకుని తమరి గడి మీద నొక్కుతున్నాను. తెల్లటి పెళ్లికూతురు, చుట్టూ నలుపు కనిపిస్తే, హమ్మయ్య అనుకుని ఇంకో పది.

ఎడమ కణత అయింది. కుడి వైపు ఉంది. టీ పెట్టుకోవాలి.

ఇట్లు,
తమరి విధేయుడు