ల్యాప్‌టాప్‌కి ఒక లెక్క, నెట్‌కి ఒక లెక్క: తేడా అక్కడే వస్తోంది

ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్) కౌన్సెలింగ్ మొదలైతే నెల్లూరు, ఒంగోలు ట్రంకు రోడ్లలో ల్యాప్‌టాప్ షాపులకు గిరాకీ పెరుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు నలభై, నలభై ఐదు వేలు అనుకుంటారు. ఆ డబ్బంతా ల్యాప్‌టాప్‌కే పోతుంది. నెట్ సంగతి వేరే. కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే ఆయన మనిషి వచ్చి హాల్లో టీవీ పక్కన వైఫై బాక్స్ (రౌటర్) బిగించి వెళ్తాడు. నెల తిరక్కముందే ‘స్లోగా ఉంది’ అని పిల్లల గోల. నెట్ బాగా లేదని షాపాయన, ల్యాప్‌టాప్ బాగా లేదని కేబుల్ ఆయన. ఇద్దరు చెప్పేదాంట్లోనూ కొంత నిజం ఉంటుంది, చిక్కంతా అదే.

ఈ రెండింటినీ ఒకే కొనుగోలుగా చూడాలన్నది ఈ వ్యాసం వాదన. చేతిలో 45 వేలుంటే 40 వేల లోపు ల్యాప్‌టాప్‌కి పెట్టి, మిగతా ఐదు వేలు రౌటర్‌కి, వైరుకి, కరెంటు పోయినా నెట్‌ని నిలబెట్టే చిన్న యూపీఎస్‌కి ఉంచుకోవాలి. ల్యాప్‌టాప్‌లో ఒక మెట్టు దిగినా నష్టం లేదు. ఏ మెట్టు దిగాలో తెలిస్తే చాలు.

దిగాల్సింది ప్రాసెసర్‌లో. ర్యామ్‌లోనూ డిస్క్‌లోనూ కాదు. షాపులో మాత్రం దీనికి తలకిందులుగా జరుగుతుంది. ‘ఐ5 సార్, ఐ3 కాదు’ అనగానే కొనేవాళ్లు మెత్తబడతారు, ర్యామ్ ఎంతో అడగరు. విండోస్ 11 ఏ పనీ చెయ్యకుండా ఊరికే తెరిచి ఉన్నా మూడు, నాలుగు జీబీ వాడేస్తుంది. దాని మీద క్రోమ్‌లో పది, పదిహేను ట్యాబ్‌లు, ఒక జూమ్ క్లాసు, ఒక వర్డ్ ఫైలు తెరిస్తే 7 జీబీ దాటడం మామూలే. 4 జీబీ మెషీన్‌లో అప్పుడు జరిగేదేమిటంటే, ర్యామ్‌లో పట్టనిదాన్ని విండోస్ డిస్క్ మీదకి నెడుతుంది, కావాల్సినప్పుడల్లా వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ డిస్క్ ఈఎంఎంసీ రకమైతే (చవక మోడళ్లలో వచ్చే నెమ్మది స్టోరేజ్) ఈ రాకపోకలకే మెషీన్ సరిపోతుంది. క్లాసు మధ్యలో మాట తెగిపోయేసరికి పిల్లలు నెట్‌ని తిడతారు, పాపం నెట్‌కి ఏ సంబంధమూ ఉండదు.

అందుకని 8 జీబీ కనీసం, దాంతోపాటు ఒక స్లాట్ ఖాళీగా ఉండాలి. ర్యామ్ బోర్డుకే అతికించి స్లాట్ లేకుండా వచ్చే మోడల్ అయితే 16 జీబీది తీసుకోవడమే మేలు, తర్వాత పెంచే దారి ఉండదు. డిస్క్ 512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్ఎస్‌డీ అయి ఉండాలి. కరపత్రంలో ‘ఫ్లాష్ స్టోరేజ్ 64 జీబీ’, ‘128 జీబీ’ అని మాత్రమే కనిపిస్తే అది ఈఎంఎంసీ కావచ్చు. ధర ఎంత ఊరించినా వదిలెయ్యండి, రెండేళ్లలో విండోస్ అప్‌డేట్‌లకే చోటు చాలదు.

ప్రాసెసర్ పేర్లలో మోసం అనలేం గానీ తికమక మాత్రం బాగానే ఉంది. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7520యూ పేరు గొప్పగా ఉంటుంది. లోపల ఉన్నది నాలుగు కోర్లు, 2019 నాటి జెన్ 2 డిజైన్. పైగా ఈ చిప్‌కి ర్యామ్ బోర్డు మీద అతికించే రకమే. రైజెన్ 5 7530యూ అంటే ఆరు కోర్లు, జెన్ 3. రెండూ ‘రైజెన్ 5’లే, రెండూ ‘7000 సిరీస్’లే. ఈ సిరీస్‌లో మూడో అంకె చూడాలి: 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. ఇంటెల్ వైపు ఐ3-1215యూ ఆరు కోర్ల చిప్. డిగ్రీ, బీటెక్ మొదటి రెండేళ్ల కోడింగ్, ఆన్‌లైన్ పరీక్షలు, ఎక్సెల్ పనులు దీనితో హాయిగా నడుస్తాయి. దీన్ని 16 జీబీతో కొన్నవాళ్లు, ఐ5ని స్లాట్ లేని 8 జీబీతో కొన్నవాళ్లకంటే మూడో ఏడు సుఖంగా ఉంటారు. రెండు కోర్ల సెలెరాన్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, కొనకండి.

ఇంకో అంకె ఎవరూ అడగరు. ల్యాప్‌టాప్ లోపల ఉండే వైఫై కార్డుకి యాంటెన్నా ఒకటా, రెండా? తక్కువ ధర మోడళ్లలో ఒక్క యాంటెన్నాతో సరిపెట్టేవి ఇప్పటికీ ఉన్నాయి. షాపులోనే చూసుకోవచ్చు. ఫోన్‌లో 5 గిగాహెర్ట్జ్ (వైఫైకి ఉన్న రెండు బ్యాండ్లలో వేగమైనది, రెండోది 2.4) హాట్‌స్పాట్ పెట్టి డెమో పీస్‌ని కలిపి, సెట్టింగ్స్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. 433 ఎంబీపీఎస్ దాటకపోతే ఒకే యాంటెన్నా, వైఫై 5 (పాత తరం) అనుకోవచ్చు. 866 లేదా 1201 ఉంటే రెండు యాంటెన్నాలు. ఫోన్ హాట్‌స్పాటే చిన్నదైతే అంకె తగ్గి కనిపించవచ్చు కాబట్టి, పక్కన ఇంకో మోడల్‌ని కూడా కలిపి పోల్చాలి.

చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లి పాత బిజినెస్ ల్యాప్‌టాప్‌లు తెచ్చుకోవడం నెల్లూరు వాళ్లకి కొత్త కాదు. పొద్దున పినాకినీ ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడ ఉంటారు. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి గట్టివే. అయితే ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతది తీసుకోవద్దు. విండోస్ 11 అధికారికంగా దానికంటే వెనక్కి వెళ్లదు, విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. డబ్బు చేతికివ్వక ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. ‘డిజైన్ కెపాసిటీ’ (కొత్తలో పట్టే చార్జ్) 50 వేల మిల్లీవాట్ అవర్లు ఉండి ‘ఫుల్ చార్జ్ కెపాసిటీ’ 30 వేలకి పడిపోయి ఉంటే, కొత్త బ్యాటరీ ఖరీదు బేరంలో తగ్గించాల్సిందే.

మన ఎండల సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. రోహిణీ కార్తెలో గది వేడికి లిథియం బ్యాటరీ త్వరగా అరిగిపోతుంది. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి వాడేవాళ్లు, కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో చార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టుకోవాలి. చీమకుర్తి వైపు క్వారీల దగ్గర ఉండేవాళ్లకి గ్రానైట్ దుమ్ము ఇంకో బాధ. ఫ్యాన్ రెక్కల వెనక ఉన్న రాగి జాలీలో మెత్తగా పేరుకుంటుంది, గాలి ఆడక ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఆరు నెలలకోసారి విప్పించి ఊదించాలి. మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడితే దుమ్ము లేకపోయినా అదే ఫలితం.

ఇప్పుడు నెట్. ముందు ప్లాన్ అంకె అర్థం చేసుకోవాలి. 30 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 30 మెగాబిట్లు. డౌన్‌లోడ్ లెక్కలో 3.75 మెగాబైట్లు. అది తక్కువేం కాదు. హెచ్‌డీ వీడియోకి ఐదు, జూమ్‌కి మూడు చాలు. నలుగురున్న ఇంటికి 30 నుంచి 50 సరిపోతుంది. కానీ 100 ప్లాన్ పెట్టించుకుని 35 వస్తోందని ఆపరేటర్‌తో తగాదా పడేవాళ్లు చాలామంది. చాలా ఇళ్లలో తప్పు లైన్‌ది కాదు, ల్యాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్ మీద కలిసి ఉంటుంది. ఒక యాంటెన్నా మీద అక్కడ లింక్ స్పీడ్ 72. అందులో చేతికొచ్చేది 30 నుంచి 45 మధ్య. ఇందాకటి ప్రాపర్టీస్ పేజీయే తెరిచి చూడండి, 72 కనిపిస్తే ఆపరేటర్‌కి ఫోన్ చెయ్యక్కర్లేదు. మాగుంట లేఅవుట్‌లోనో లాయర్‌పేటలోనో అపార్ట్‌మెంట్ అయితే చుట్టుపక్కల ఇరవై రౌటర్లు అదే 2.4లో అరుచుకుంటూ ఉంటాయి. అక్కడ చానల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టాలి. ల్యాప్‌టాప్‌ని, టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేయాలి. ఆపరేటర్ ఇచ్చిన బాక్స్‌లో 5 లేకపోతే, 1,500 నుంచి 2,000 రూపాయల డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 రెండూ ఉన్న) రౌటర్ ఒకటి కొనడం, నెలనెలా ప్లాన్ పెంచుకుంటూ పోవడం కంటే చవక.

5 గిగాహెర్ట్జ్‌కి ఒక బలహీనత ఉంది, గోడ. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఒకటి దాటేసరికి నీరసపడుతుంది, స్లాబ్ దాటడం ఇంకా కష్టం. పెంకుటింట్లో ఈ బాధ తక్కువ, మిద్దె ఇంట్లో ఎక్కువ. ఇనప బీరువా వెనక బాక్స్ పెడితే ఆ వైపు గదికి సిగ్నల్ మీద ఆశ వదులుకోవచ్చు. బాక్స్ టీవీ వెనక, కిటికీ మూల, గూట్లో ఉండకూడదు. ఇంటికి నడిమధ్య, మనిషి తల ఎత్తున ఉండాలి. ఫైబర్ బిగించే రోజే ఈ మాట చెప్పాలి. ఆయన దగ్గర పది మీటర్లు ఎక్కువ వైరు అడిగితే వంద, రెండొందలతో పోయేది, తర్వాత పిలిపిస్తే ఎప్పుడొస్తాడో.

పైన మేడ గదిలో పిల్లవాడు చదువుకుంటూ కింద బాక్స్ ఉంటే, గోడకి తగిలించే రిపీటర్ కొనకండి. ఒకే బ్యాండ్ రిపీటర్ వినడం, మళ్లీ చెప్పడం రెండూ ఒకే చానల్‌లో చేస్తుంది కాబట్టి వేగం సగానికి పడుతుంది. దాని బదులు ఇరవై మీటర్ల క్యాట్6 వైరు పైకి లాగి, పైన రెండో రౌటర్ పెట్టాలి. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కింది బాక్స్ నెట్‌నే వైఫైగా పంచే మోడ్) ఉంచాలి. ఆ మోడ్ లేకపోతే డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు ఇచ్చే సెట్టింగ్) ఆపి, దాని అడ్రస్ 192.168.1.2 చేసి, వైరుని వ్యాన్ పోర్టులో కాక ల్యాన్ పోర్టులో గుచ్చాలి. కింది బాక్స్ అడ్రస్ 192.168.1.1 అయితేనే ఈ అంకె, వేరేదైతే దానికి తగ్గట్టు మార్చుకోవాలి. వైరు పూర్తి రాగిదే అడగండి, అల్యూమినియానికి రాగి పూత వేసినవి చవగ్గా అంటగడతారు. 200 ప్లాన్ తీసుకున్నా వైరు మీద కూడా 94, 95 దగ్గర ఆగిపోతే ముందుగా రెండు కారణాలు అనుమానించాలి. బాక్స్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దై ఉండాలి, లేదా వైరులో నాలుగు జతల్లో ఒకటి తెగి ఉండాలి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు.

కరెంటు సంగతి మన జిల్లాల్లో తప్పించుకోలేనిది. బాక్స్ 12 వోల్టుల డీసీతో నడుస్తుంది, 1 నుంచి 2 ఆంపియర్లు. 1,200 నుంచి 1,800 రూపాయల మినీ యూపీఎస్ రెండు, మూడు గంటలు లాగుతుంది. అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ సరిగ్గా కలవాలి. 9 వోల్టుల రౌటర్‌కి 12 ఇస్తే కాలిపోవచ్చు. ఆంపియర్లు మాత్రం సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉండి కూడా కరెంటు పోయినప్పుడల్లా రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంటే, ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే ఆ కాస్త జాప్యానికే రౌటర్ పడిపోతుంది.

కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు ఆపరేటర్‌ని అడగాల్సిన ప్రశ్న: ‘ఫైబర్ నేరుగా మా ఇంటికా, లేక వీధిలో స్విచ్ పెట్టి అక్కడి నుంచి ల్యాన్ వైరా?’ మొదటిదైతే స్తంభం మీది స్ప్లిటర్‌కి (ఫైబర్‌ని ఇళ్లకి పంచే చిన్న పెట్టె) కరెంటే అక్కర్లేదు, ఆపరేటర్ ఆఫీసులో బ్యాకప్ ఉంటే మీ ఇంటి మినీ యూపీఎస్ పని చేస్తుంది. రెండోదైతే వీధిలో కరెంటు పోగానే స్విచ్ ఆగుతుంది, మీ యూపీఎస్ చూస్తూ ఊరుకుంటుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో దీని విలువ తెలుస్తుంది. అయితే 2023 డిసెంబర్‌లో వచ్చిన మిచౌంగ్ లాంటి తుఫానుకి ఏ యూపీఎస్సూ అడ్డుపడదు. ఏపీ ఫైబర్‌నెట్ లాంటివి కరెంటు స్తంభాల మీదే లాగిన లైన్లు, స్తంభం ఒరిగితే రెండూ పోతాయి. అలాంటి రోజులకి వేరే కంపెనీ సిమ్ ఒకటి ఫోన్‌లో ఉండాలి. ఉరుముల వేళ అడాప్టర్ ప్లగ్ పీకెయ్యాలి. ఫైబర్ గాజే గానీ దాన్ని మోసే ఉక్కు తీగ పిడుగు విద్యుత్తుని లోపలికి తేగలదు. ఆ తీగని గోడ బయటే కత్తిరించమనాలి.

బిగించే మనిషి వెళ్లే ముందు రెండు, మూడు పనులు చేయించుకోవాలి. బాక్స్ సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ పవర్ (ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం, డీబీఎంలో) చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరుంటే ఈ రోజు పని చేసినా వానకాలం ఎర్రలైటు వెలుగుతుంది. ఎక్కడో జాయింట్ సరిగ్గా పడలేదు, లేదా ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం దానికి గుచ్చారు, లేదా వైరు గోడ మూల దగ్గర మరీ పదునుగా మడిచారు. సరిచేసి వెళ్లమనాలి. లాగిన్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాయించుకోవాలి. లేకపోతే రీసెట్ నొక్కిన రోజు మళ్లీ ఆయనే దిక్కు. బాక్స్ మీద అచ్చేసిన పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ (బటన్ లేదా పిన్‌తో కలిపే సదుపాయం) ఆపి, వైఫై భద్రత డబ్ల్యూపీఏ2 లేదా 3 పెట్టుకోండి. బాక్స్ సొంతమా, అద్దెదా, డిపాజిట్ తిరిగి ఇస్తారా అన్నది రశీదు మీదే రాయించాలి. 399 ప్లాన్ అని చెప్పినా 18 శాతం జీఎస్టీ కలిసి నెలకి 471 కట్టాల్సి వస్తుందని ముందే లెక్కేసుకోండి.