తగ్గిన ధర, తగ్గని గిరాకీ

2024 ఐపీఎల్‌కు సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్యాట్ కమిన్స్‌ను రూ.20.50 కోట్లకు కొన్నది. అతడు జట్టును ఫైనల్ దాకా నడిపించాడు. మరుసటి సీజన్‌కు అట్టిపెట్టుకున్నప్పుడు మాత్రం అతడి ధర రూ.18 కోట్లు, అతడి సారథ్యంలో ఆడే క్లాసెన్‌కు రూ.23 కోట్లు! హెడ్, అభిషేక్‌లకు చెరో 14, అంతకుముందు రూ.20 లక్షలకు ఆడిన మన విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డికి 6 కలిపి చూడండి. సరిగ్గా రూ.75 కోట్లు. అయిదుగురిని అట్టిపెట్టుకోవడానికి క్రికెట్ బోర్డు గీసిన ఖర్చు గీత అదే.

కిటుకంతా ఆ గీతలోనే ఉంది. కెప్టెన్ వదులుకున్న సొమ్ము చాలావరకు పక్క ఆటగాడికి చేరుతుంది. యజమానితో పడాల్సిన పేచీ డ్రెస్సింగ్ రూమ్‌లో సర్దుబాటుగా ముగుస్తుంది. రిషభ్ పంత్‌లా వేలానికి వెళ్తే రూ.27 కోట్లు పలకొచ్చు, పలకకపోనూవచ్చు. ఎవరి చేతిలో పడతామోనన్న బెంగ, గెలిచే జట్టును వదలలేని మమకారం తక్కువకు ఒప్పుకోవడానికి చిన్న కారణాలేమీ కావు.

ధోనీ సంగతి మరీ చిత్రం. 2022లో చెన్నై జడేజాకు 16 కోట్లు ఇచ్చి, ధోనీకి 12 ఇచ్చింది. 2025లో, అయిదేళ్లుగా అంతర్జాతీయ మ్యాచ్ ఆడనివారిని అన్‌క్యాప్డ్‌గా, అంటే దేశానికి ఇంకా ఆడనివారిగా లెక్కించే నిబంధన కింద అతడి ధర రూ.4 కోట్లు. ప్రపంచకప్ తెచ్చిన సారథి కాగితం మీద కొత్త కుర్రాళ్ల సరసన! అదే ధోనీ 2024 ఏప్రిల్‌లో ఉప్పల్‌కు వస్తే సన్‌రైజర్స్ సొంత మైదానం పసుపుమయమైంది. యజమానులకు కావాల్సింది ఈ గిరాకీ. దానికి పర్సులో, అంటే ఆటగాళ్ల మీద జట్టు పెట్టగల మొత్తంలో పద్దు లేదు. ప్రకటనల రాబడి దండిగా ఉన్న ధోనీకి అది లోటు కాకపోవచ్చు. అందరూ ధోనీలు కారు.

2018లో జట్టు పర్సు రూ.80 కోట్లు, ఆ అయిదేళ్ల ప్రసార హక్కులు రూ.16,347 కోట్లు. 2023-27 హక్కులు రూ.48,390 కోట్లకు పోయాయి. అవి దాదాపు మూడింతలైతే, 2025 పర్సు రూ.120 కోట్లు, అంటే ఒకటిన్నర రెట్లే. జట్లు ఎనిమిది నుంచి పదయ్యాయి, మ్యాచ్‌కు రూ.7.50 లక్షల ఫీజూ వచ్చింది. అవన్నీ కలిపినా ఆటగాళ్ల వాటా పెరిగింది రెండింతలకు అటూఇటూగానే.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోనూ జీతాలకు పరిమితి ఉంది. కానీ అక్కడ ఆటగాళ్ల సంఘం బేరమాడి లీగ్ రాబడిలో సుమారు సగం రాయించుకుంది. మన క్రికెటర్ల సంఘంలో మాజీలకే చోటు. 2027 తరవాతి హక్కుల వేలానికి ముందే పర్సును రాబడిలో ఇంత శాతమని బోర్డు ప్రకటించాలి. ఆ శాతం తేల్చే సమావేశంలో ఇప్పుడు ఆడుతున్నవాళ్లకూ కుర్చీ వేయాలి.