హెడ్ తిరగగలదు సరే, రాడ్లు తట్టుకోవాలి కదా

"అన్నా, ఎల్‌ఎస్ బ్లాకు మీద బీ16 హెడ్ పెడితే 8,400 దాకా తిప్పొచ్చా?" అంటే, ఒక హోండా ఇంజన్ కింది భాగమైన బ్లాకు మీద మరో హోండా ఇంజన్ పైభాగమైన హెడ్ బిగించి, నిమిషానికి 8,400 చుట్లు (ఆర్‌పీఎం) తిప్పొచ్చా అని. ఈ నెలలో ఈ ప్రశ్న అడిగిన నాలుగో తమ్ముడికి నిన్న రాత్రి ఫోనులో జవాబు చెప్పాను. విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తే మరికొందరి ఇంజన్లు బతుకుతాయన్న ఆశతో ఇది రాస్తున్నాను. టెక్సాస్‌లో మా గరాజులో తొంభైల నాటి సివిక్ ఒకటి ఉంది. దానికోసం నేను పోగొట్టుకున్న డబ్బు, వారాంతాలు మరొకరు పోగొట్టుకోకూడదు.

హోండా బీ కుటుంబంలో బీ16ఏ, బీ18బీ, బీ18సీ, బీ20 అన్నీ దగ్గరి బంధువులే. బీ16ఏ 1,595 సీసీ, వీటెక్ (ఎక్కువ వేగంలో వాల్వులను మరింత తెరిచే ఏర్పాటు) ఉన్న ఇంజన్. ఇంటెగ్రా ఎల్‌ఎస్ కారులో వచ్చిన బీ18బీ 1,834 సీసీ, వీటెక్ లేని ఇంజన్. రెండింటి బోరూ (సిలిండరు వెడల్పు) 81 మి.మీ.లే. తేడా అంతా స్ట్రోకులో, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరంలో ఉంది: మొదటిదానికి 77.4 మి.మీ., రెండోదానికి 89 మి.మీ. చవకగా దొరికే ఎల్‌ఎస్ బ్లాకు మీద బాగా గాలి పీల్చే వీటెక్ హెడ్ బిగిస్తే పెద్ద సీసీ, ఎక్కువ ఆర్‌పీఎం రెండూ చేతికొస్తాయన్నది అందరికీ నచ్చే లెక్క. ఈ కలయికను నేను తప్పుపట్టడం లేదు, నా కారులో ఇప్పటికీ ఉన్నది అదే. నేను తప్పుపట్టేది, ఆర్‌పీఎం పరిమితిని హెడ్‌ను చూసి పెట్టుకోవడాన్ని. పరిమితి పెట్టాల్సింది కింద తిరిగే ఇరుసైన క్రాంకునూ, దాన్ని పిస్టన్లతో కలిపే రాడ్లనూ, వాటి బోల్టులనూ చూసి.

లెక్క వేసి చూడండి. ఎల్‌ఎస్ ఇంజన్‌కు కంపెనీ ఇచ్చిన రెడ్‌లైన్ (దాటకూడని ఆర్‌పీఎం) 6,800. అక్కడ పిస్టన్ సగటు వేగం సెకనుకు 20 మీటర్ల పైచిలుకు. అదే ఇంజన్‌ను 8,400కు తీసుకెళితే ఆ వేగం 25 మీటర్లకు చేరుతుంది, కానీ అసలు ప్రమాదం వేగంలో కన్నా బలంలో ఉంది. పిస్టన్‌ను పైనుంచి వెనక్కి లాగేటప్పుడు రాడ్ బోల్టుల మీద పడే బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, 6,800 నుంచి 8,400కు వెళ్ళేసరికి అది ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. పాతికేళ్ళు దాటిన బోల్టును ఒకటిన్నర రెట్లు లాగుతూ, హెడ్ బాగా తిరుగుతోందని సంతోషించడం ఎంతవరకు సబబు?

నేను చేసింది సరిగ్గా అదే. మొదటిసారి ఇంజన్ కట్టినప్పుడు హెడ్ మీద, వాల్వులను తెరిచే క్యామ్‌ల మీద ఉన్న డబ్బంతా పెట్టి, రాడ్లను పాత బోల్టులతోనే బిగించి, పరిమితి 8,400 పెట్టుకున్నాను. మూడు నెలలు అద్భుతంగా నడిచింది. ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కింది నుంచి సన్నగా టకటకమని చప్పుడు మొదలైంది. ఇంటికొచ్చి ఆయిల్ వంచితే, పళ్ళెంలో ఎండ పడినచోటల్లా జరీ పొడి కలిపినట్టు మెరిసింది. పాన్ దింపి రెండో రాడ్ క్యాప్ విప్పాను. బూడిద రంగులో ఉండాల్సిన బేరింగు ముక్క, పైపొర చెరిగిపోయి రాగి రంగు తేలి, ఒక అంచున గోరు దిగేంత గాడి పడి ఉంది. క్రాంకు పనికిరాకుండా పోయింది. తప్పు పూర్తిగా నాదే.

నేను విజయవాడ ఆటోనగర్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో పెరిగినవాణ్ణి. ఇంజన్ బోరుకొచ్చిందంటే అక్కడి మేస్త్రీలు మొదట అడిగేది క్రాంకు ఎలా ఉందనే. ఆ మాట చిన్నప్పటి నుంచీ వింటూ కూడా మరిచిపోయానన్నదే నాకు ఇప్పటికీ బాధ.

ఈ మాట ఎత్తగానే ఎదురొచ్చే వాదన ఒకటుంది: ఇంటెగ్రా టైప్ ఆర్ కారులోని బీ18సీ స్ట్రోకు 87.2 మి.మీ., అది 8,400 తిరుగుతుంది కదా అని. తిరుగుతుంది. దాని కోసం హోండా ప్రత్యేకమైన రాడ్లు, గట్టి బోల్టులు వేసింది, క్రాంకును పట్టి ఉంచే మెయిన్ బేరింగు క్యాప్‌లను గర్డిల్ అనే లోహపు చట్రంతో కలిపి కట్టింది, పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు పెట్టింది. ఎల్‌ఎస్ బ్లాకులో ఆ గర్డిలూ లేదు, ఆ జెట్లూ లేవు. స్ట్రోకు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఓర్పు కూడా దగ్గరగా ఉండదు. బీ20 సంగతి మరీ సున్నితం. సిలిండర్ల మధ్య దూరం మార్చకుండానే బోరును 84 మి.మీ.కు పెంచారు కనుక, పక్కపక్క బోరుల మధ్య ఉండే లోహం 3 మి.మీ. తగ్గింది. దాన్ని ఎక్కువ ఆర్‌పీఎం కోసం ఎంచుకోవద్దనే నేను చెబుతాను.

ఆయిల్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వీటెక్ పనిచేసేదే ఆయిల్ ఒత్తిడితో: ఆ ఒత్తిడి వాల్వులను నొక్కే రాకర్లలోని పిన్నులను నెట్టి వాటిని ఒకటిగా కలిపినప్పుడే పెద్ద క్యామ్ పనిలోకి వస్తుంది. ఎల్‌ఎస్ బ్లాకులో ఆ ఆయిల్ హెడ్‌కు వెళ్ళే దారి లేదు కాబట్టి, హెడ్ అడుగున ఆ ఆయిల్ కోసం ఉన్న రంధ్రాన్ని మరతో మూసి, బ్లాకు వెనుక ఆయిల్ ప్రెషర్ సెన్సర్ దగ్గర నుంచి విడిగా గొట్టం వేయాలి. హెడ్ బోల్టుల వరుస కలుస్తుంది గాని హెడ్‌ను సరైన చోట నిలిపే డోవెల్ పిన్నుల కొలత కలవదు, ఆ పని కొలతలు తెలిసిన మెషిన్ షాపుకే వదలండి. వాల్వు పిస్టన్‌కు తగలదని తేల్చుకోవడానికి, పిస్టన్ మీద పిల్లల మట్టి ముద్ద పెట్టి, హెడ్ బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, వాల్వు అచ్చు పడినచోట మట్టి ఎంత మందం మిగిలిందో కొలవకుండా ఇంజన్‌ను స్టార్ట్ చేయకండి.

రెండోసారి నేను డబ్బును తిరగేసి ఖర్చుపెట్టాను. ముందు కొత్త రాడ్ బోల్టులు, బోల్టులు మారితే బిగ్ ఎండ్ (రాడ్‌లో క్రాంకును పట్టే చివర) గుండ్రదనం చెడుతుంది గనుక దాన్ని మళ్ళీ సైజు చేయించడం, కొత్త ఆయిల్ పంపు, క్రాంకు మీద బేరింగు కూర్చునే ప్రతి జర్నల్ మీదా ప్లాస్టిగేజ్ అనే నలిగే పోగు పెట్టి క్లియరెన్సు (మధ్య సందు) కొలవడం. క్యామ్‌లు పాతవే. పరిమితి 7,600. అక్కడ బోల్టుల మీద బలం కంపెనీ రెడ్‌లైన్ దగ్గరి కంటే పాతిక శాతమే ఎక్కువ. హైవే మీదికి ఎక్కేటప్పుడు ఆ కింది టార్కే నన్ను సంతోషపెడుతోంది, పైనున్న 800 ఆర్‌పీఎం ఒక్కరోజు కూడా గుర్తురాలేదు. పోయిన శీతాకాలంలో అనుమానం తీర్చుకోవడానికి పాన్ దింపి ఆ రెండో రాడ్ క్యాప్‌నే విప్పి చూశాను. బేరింగు ఈ చివర నుంచి ఆ చివరి దాకా బూడిద రంగులోనే ఉంది.