మణికట్టు మీద కొలువుదీరిన వాచీ గారికి

శ్రీయుత జీపీఎస్ వాచీ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ బెంగళూరులో మేమంతా క్షేమం. మీ చార్జింగ్ కూడా క్షేమమని తలుస్తాను.

మీరు మా ఇంట అడుగుపెట్టినప్పటి నుంచి మీకు జరుగుతున్న మర్యాదలు కొత్తల్లుడికి కూడా జరిగి ఉండవు. పొద్దున్నే షూ లేసులు కట్టుకుని, మీకు సిగ్నల్ దొరికేదాకా గేటు దగ్గర చెయ్యి పైకెత్తి నిలబడాలి. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు తనకే టాటా చెబుతున్నాననుకుని తనూ చెయ్యి ఊపి వెళ్తాడు. నేను మా గేటు ముందే ఉన్నానని వాచ్‌మన్ చెబితే మీకు చాలదు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు, తక్కువలో తక్కువ నాలుగు, వచ్చి సాక్ష్యం చెప్పాలి.

ఇంత విచారణ జరిపి మీరిచ్చే తీర్పు ఎలా ఉంటుందంటే, కబ్బన్ పార్కులో చెట్ల కింద బుద్ధిగా దారి పట్టుకుని నడిచిన నన్ను, హైకోర్టు గోడలో దూరి అవతలికి తేలినట్టు మ్యాపులో గీశారు. ఏ కేసూ లేకుండానే కోర్టు మెట్లెక్కించారు. గుబురు కొమ్మలు సిగ్నల్‌కు అడ్డమనీ, ఎత్తైన మేడలకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్ మిమ్మల్ని తికమక పెడుతుందనీ తెలుసు. మీరు తప్పితే తప్పారు. తప్పినా మీ మాటే చెల్లుతోంది, నా గోల అదీ.

పది కిలోమీటర్ల పరుగు పందేలే చూడండి. పద్ధతిగా జరిపే పందెంలో దారిని, ముందే కొలత సరిచూసి పెట్టుకున్న సైకిల్‌తో కొలుస్తారు. ఎక్కడా తగ్గకూడదని కిలోమీటరుకు ఒక మీటరు కలుపుతారు కూడా. అయినా మలుపు మలుపుకీ వెడల్పుగా తిరిగొచ్చిన మావాళ్లు "నా వాచీలో 10.3 వచ్చింది, వీళ్లు సరిగ్గా కొలవలేదు" అని ముగింపు గీత దగ్గరే పంచాయతీ పెడతారు.

ఇక మా మూడో అంతస్తు ఆయన. రాత్రి భోంచేశాక లుంగీలోనే పార్కింగ్‌లో కార్ల మధ్య గుండ్రంగా తిరుగుతుంటారు. మోకాలు నొప్పి, కుంటుతూనే. "ఇంక చాలు రండీ" అని ఆవిడ బాల్కనీలోంచి పిలిస్తే, "9,700 అడుగులు అయ్యాయే, పదివేలకి ఇంకో మూడొందలు!" అంటారు. ఆ పదివేలు ఏ డాక్టరూ రాసిచ్చిన మోతాదు కాదు, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటర్లు అమ్ముకోడానికి ఎత్తుకున్న అంకె అని చెప్పాను. నా వైపు జాలిగా చూసి మరో రౌండు కొట్టారు. ఆవిడ చేతికీ మీ తమ్ముడొకడు ఉన్నాడు లెండి. రెండు చేతులా కూరగాయల సంచులు మోసుకొస్తే చెయ్యి ఊగదు కాబట్టి, ఆ అడుగుల్లో చాలావరకు వాడి ఖాతాకే ఎక్కవు. ఇంటిపని లెక్కలోకి రాకపోవడం ఆవిడకు కొత్తేమీ కాదనుకోండి.

మా అమ్మ అనంతపురం నుంచి వచ్చినప్పుడు సాంకీ చెరువు గట్టున నడిపించాను. దారిలో ఆమె ప్రతి చెట్టునూ పలకరించింది, ఎవరిదో కుక్కపిల్ల పేరు అడిగింది, కన్నడావిడతో తెలుగులోనే ముచ్చట్లు పెట్టింది. ఆమె ఆగినప్పుడల్లా మీరు "ఆటో పాజ్" అని నా చెయ్యి మీద గిల్లారు. ఎంత దూరం నడిచామో చెప్పనా అని నేను మీ వైపు చూసేలోగా ఆమే తేల్చేసింది: "తిన్న ఉప్మా అరిగింది, చాలు పా."

వచ్చే ఆదివారం అమ్మ మళ్లీ వస్తోంది. ఆ పూటకు మీరు విశ్రాంతి తీసుకుంటారని చార్జర్ దగ్గర పడక కూడా వేశాను. కానీ సంగతి తెలిసి మూడో అంతస్తు ఆయన మిమ్మల్ని అరువడిగారు. ఆ చేతికొకటి, ఈ చేతికొకటి కట్టుకుని తిరుగుతారట. రెండూ రెండు లెక్కలు చెబితే ఏది నమ్ముతారని అడిగాను. "ఎక్కువ చెప్పింది" అన్నారు.

ఇట్లు,
మిమ్మల్ని మోస్తున్న ఎడమ చెయ్యి