చెల్లుబాటయ్యే తేడా

మండల సర్వేయరు కార్యాలయాన్ని అందరూ ఆడిపోసుకుంటారు గానీ, రెండు శతాబ్దాలుగా ఒకే మాట మీద నిలబడ్డ శాఖ ఇంకొకటుంటే చూపించండి. పొలం కొలతలో తేడా ఉండక తప్పదు, ఎంత ఉండొచ్చో మేం చెబుతాం అన్నదే ఆ మాట.

రెండు శతాబ్దాల కిందట దత్త మండలాలను (ఇప్పటి రాయలసీమ వైపు) కొలిపించిన ఈస్టిండియా కంపెనీ కలెక్టర్ థామస్ మన్రో ఈ సంగతి ముందే గ్రహించాడు. ఆయన గొలుసు 33 అడుగులు. అది నాలుగు వైపులా పరిస్తే గుంట, 40 గుంటలు ఎకరం. కొలిచేవాడికి ఎకరాల లెక్కన కూలి, తనిఖీ చేసేవాడికి నెలజీతం. ఎకరానికింత అంటే కాళ్లు పరుగెడతాయి, నెలకింత అంటే నింపాదిగా నడుస్తాయి. మెట్టలో నూటికి 10, మాగాణిలో నూటికి 5 వరకు తేడా మాఫీ. దాటితే ఉద్యోగం ఊడేది. (ఈ చివరి వాక్యం ఆఫీసులో ఎవరూ పైకి చదవొద్దని మనవి.)

తర్వాతది గంటర్ గొలుసు. 66 అడుగులు, 100 లింకులు, వెయ్యి చదరపు లింకులకు ఒక సెంటు. లెక్క ముచ్చటైనదే, చిక్కల్లా ఇనుముతోనే. లింకుల మధ్య కడియాలు ఈడ్చగా ఈడ్చగా అరిగి గొలుసు సాగుతుంది. మూడంగుళాలు సాగిందా, ఎకరానికి ముప్పాతిక సెంటు కాగితం మీద మాయం. లింకులు వంగితే గొలుసు పొట్టిదై భూమి పెరుగుతుంది. రైతుకు పైసా ఖర్చు లేకుండా భూమి పెంచిన సర్కారీ పథకం అదొక్కటే. శిస్తూ పెరిగేదనుకోండి.

ఇక ఎఫ్ఎంబీ, అంటే పొలం పటమూ కొలతలూ ఉండే పుస్తకం. పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి, కర్ణం వెంట గొలుసు పరిచి, క్రాస్ స్టాఫ్‌తో లంబం చూసి గట్టు మలుపుకు ఆఫ్‌సెట్, అంటే అడ్డ కొలత తీస్తారు. లంబం రెండు డిగ్రీలు పక్కకు పోతే 100 లింకుల ఆఫ్‌సెట్ చివర మూడున్నర లింకులు, అంటే రెండడుగుల పైచిలుకు జరుగుతుంది. గట్టు దగ్గర రెండడుగులంటే రెండు తరాల కోర్టు ఖర్చు. ఆ పటానికి జిరాక్సు మీద జిరాక్సు తీస్తే 6, 8 కవల పిల్లలవుతాయి. మడత సరిగ్గా అంకె మీదే చిరుగుతుంది. పటంలో ఉన్న రాయి పొలంలో ఉండదు, ఎవరింటి ముందో బట్టలుతుకుతూ ఉంటుంది.

చట్టమూ దయగలదే. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం సర్వే ముగిసినట్టు నోటిఫికేషన్ వచ్చాక మూడేళ్లలో దావా వేసుకోవాలి. గడువు దాటించుకున్న తప్పుకు ఒప్పు హోదా దక్కుతుంది.

2020 చివర్లో ఆంధ్రలో రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లు (ఉపగ్రహ సంకేతాలతో చోటు పట్టే పరికరాలు), ఉపగ్రహాలు, సెంటీమీటర్లలో హద్దు. హద్దు రాళ్ల మీద అప్పటి ముఖ్యమంత్రి పథకం పేరు కూడా చెక్కారు. 2024లో ప్రభుత్వం మారాక చెరిపేయాలన్నారు. దానికి కొలతలు అక్కర్లేదు కాబట్టి హద్దు తగాదా రాలేదు. ఇంత సూక్ష్మంగా కొలిచాక చాలాచోట్ల నలుగురైదుగురి భూములను కలిపి జాయింట్ ఎల్‌పీఎం (ఉమ్మడి భూభాగ పటం) అని ఒకే నంబరిచ్చారు. ఎవరి ముక్క వారికి కావాలంటే సబ్‌డివిజన్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. పాత ఎఫ్ఎంబీ నకలు జతచేయడం మరవకండి. దేనికీ దేనికీ మధ్య తేడా వచ్చిందో రాసుకోవడానికి రెండు కొలతలుండాలి కదా.